మంచు పడే చోట కోళ్లకు నీళ్లు: వేడి డ్రింకర్ గురించి మీ ప్రశ్నకు సమాధానం

అమెరికాలోని విస్కాన్సిన్‌లో మాడిసన్ దగ్గర కొత్తగా ఇల్లు తీసుకున్నామని, వసంతంలో తెచ్చిన పిల్లలు పెరిగి ఇప్పుడు ఎనిమిది పెట్టలయ్యాయని, డిసెంబరు మొదటి వారానికే నీళ్లు రోజుకు మూడుసార్లు గడ్డకడుతున్నాయని రాశారు. కరెంటుతో పనిచేసే వేడి డ్రింకర్ (కోళ్లు నీళ్లు తాగే పాత్ర) కొనాలా, లేక గూట్లో వేడి దీపం వేలాడదీస్తే కోళ్లకూ నీళ్లకూ ఒకేసారి సరిపోతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. గోరువెచ్చని నీళ్లు తాగితే తగ్గిన గుడ్లు మళ్లీ వస్తాయా అన్నది రెండవది. సంక్రాంతికి మూడు వారాలు ఊరికి వెళ్తే పక్కింటివారికి ఏం అప్పజెప్పాలన్నది మూడవది. నేను మిన్నెసోటాలో, మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల శివారులో (ఇక్కడివారు కూడా వీటిని జంటనగరాలనే అంటారు) పదకొండు చలికాలాలుగా పది పన్నెండు కోళ్లను పెంచుతున్నాను. ఈ పదకొండేళ్లలో నీళ్ల విషయంలో చేయదగిన తప్పులు దాదాపు అన్నీ చేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

వేడి డ్రింకర్ కొనండి, దీపం మాత్రం వద్దు. అయితే కొనేముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఆ పరికరం నీళ్లను వేడి చేయదు, గడ్డకట్టకుండా మాత్రమే ఆపుతుంది. చాలా రకాల్లో లోపల ఉండే థర్మోస్టాట్ నీళ్లు గడ్డకట్టే స్థితికి దగ్గరపడినప్పుడే కరెంటును కలుపుతుంది, కొద్దిగా వెచ్చబడగానే ఆపేస్తుంది. ఇది తెలియక ఎంతోమంది పెట్టె విప్పి, వంటింట్లో ప్లగ్ పెట్టి, అరగంట తరువాత చేత్తో తాకి, చల్లగా ఉందని దుకాణానికి తిరిగి పంపించేస్తుంటారు. పరీక్షించాలంటే గడ్డకట్టే చలిలో బయట గంటసేపు ఉంచి, వాట్లు చూపించే ప్లగ్ మీటరు ద్వారా కరెంటు ఇచ్చి చూడాలి. మీటరులో అంకె కదిలితే అది బాగానే ఉన్నట్టు.

నీళ్ల కోసం ఇంత శ్రమ ఎందుకంటే, చలికాలంలో కోడికి వేడినిచ్చేది దాని కడుపులోని దాణాయే. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్, బయట సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంటే ఆ అరవై డిగ్రీల తేడాను ఈకలూ తిండీ కలిసి కాపాడాలి. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు 115, 120 గ్రాముల దాణా తింటే, ఆ బరువుకు రెట్టింపు, అంటే దాదాపు పావు లీటరు నీళ్లు తాగుతుంది. నీళ్లు దొరకకపోతే ఎండు దాణా మెడ కింది సంచిలో నానదు, కోడి మేతను తగ్గించేస్తుంది, మేత తగ్గిన రాత్రి అది నిజంగా చలికి లోబడుతుంది. నీళ్లు లేని కోడి దాహంకంటే ముందు చలికే నీరసించిపోతుందని నేను చెప్పేది అందుకే. మంచు తింటాయి కదా అని ఇక్కడ కొందరు అంటారు. తింటాయి, నిజమే, కానీ కొత్తగా పడిన మంచు కరిగితే సుమారు పదోవంతు నీరే వస్తుంది. పావు లీటరు నీళ్ల కోసం కోడి రెండున్నర లీటర్ల మంచును ముక్కుతో పొడుచుకుని తిని, దాన్ని తన ఒంటి వేడితోనే కరిగించుకోవాలి. దానిమీద ఆధారపడకూడదు.

వేడి దీపం గురించి మొదటే తేల్చేస్తాను. సాధారణంగా దొరికేవి 250 వాట్ల దీపాలు. దుమ్ము, ఈకలు, ఎండు చెక్కపొట్టు నిండిన చెక్క గూట్లో, ఎగిరి రెక్కలు కొట్టే జీవాల నడుమ, ఒక గొలుసుకో కొక్కేనికో అంత వేడి వస్తువును వేలాడదీయడమంటే నిప్పుతో చెలగాటం. ఈ దేశంలో ఏటా చలికాలంలో కోళ్ల గూళ్లు, కొన్నిచోట్ల వాటినానుకుని ఉన్న ఇళ్లు కూడా తగలబడడానికి ఈ దీపాలు ఒక ప్రధాన కారణం. పగలకుండా ఉండడానికి పైన టెఫ్లాన్ పూత పూసిన బల్బులు కూడా మార్కెట్లో ఉన్నాయి, వేడెక్కినప్పుడు ఆ పూతనుంచి వచ్చే ఆవిరి పక్షులకు ప్రాణాంతకం. పైగా ఎదిగిన, ఒళ్లంతా ఈకలున్న పెట్టకు దీపం అవసరమే లేదు. 2019 జనవరి 30 ఉదయం మినియాపొలిస్‌లో సున్నాకు 33 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయినప్పుడు మా గూట్లో ఏ దీపమూ లేదు, పన్నెండు కోళ్లలో ఒక్కటీ పోలేదు. ఆ రోజు నన్ను ఇబ్బంది పెట్టింది నీళ్లే. అడుగున వేడి పళ్లెం పనిచేస్తూనే ఉన్నా, గాలి తగిలే వైపు డ్రింకర్ అంచున గంటకోసారి మంచు పొర కట్టింది.

ఇక కొనే సంగతి. మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది, జింకు పూసిన రెండు గోడల లోహపు డ్రింకర్ కింద పెట్టే వేడి పళ్లెం. ఇది సాధారణంగా 125 వాట్లది. లోహం వేడిని బాగా అందుకుంటుంది కాబట్టి గట్టి చలిలో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. కానీ చాలా పళ్లేలు లోహపు డ్రింకర్లకు మాత్రమే ఉద్దేశించినవి. నా రెండవ చలికాలంలో, పెట్టెమీద స్పష్టంగా రాసి ఉన్నా లెక్కచేయకుండా ప్లాస్టిక్ డ్రింకర్‌ను తెచ్చి దానిపై పెట్టాను. వారం తిరక్కుండానే దాని అడుగు వంకర తిరిగి, రాత్రికి రాత్రి ఆరేడు లీటర్ల నీళ్లు పొట్టులోకి కారిపోయాయి. ఆ తడి వల్ల జరిగినదాన్ని తరువాత చెబుతాను. లోహపు డ్రింకర్ వాడేవారు నీళ్లలో వెనిగర్ కలపకూడదు. కోళ్ల ఆరోగ్యానికి మంచిదని చాలామంది కలుపుతారు గాని, ఆ పులుపు జింకు పూతను తినేస్తుంది.

రెండవది, వేడి తీగ లోపలే అమర్చిన ప్లాస్టిక్ డ్రింకర్. మూడు గాలన్లు పట్టే ఇవి వంద వాట్లకు అటూ ఇటూగా ఉంటాయి. చూడడానికి శుభ్రంగా ఉంటాయి, కానీ చాలావాటిని తలకిందులు చేసి, నీళ్లు నింపి, అడుగు భాగాన్ని మరలా బిగించి, పదకొండు కిలోలకు పైగా బరువున్నదాన్ని మళ్లీ తిప్పి నిలబెట్టాలి. చేతి తొడుగులతో, మంచుమీద నిలబడి, ఆ మర సరిగా బిగిసిందో లేదో తేల్చుకోవడం ఎంత కష్టమో మొదటి వారంలోనే మీకు తెలుస్తుంది. మూడవది, కుక్కల కోసం అమ్మే వేడి గిన్నె. అరవై వాట్ల లోపో పైనో ఉంటుంది, ధర తక్కువ, నింపడం సులభం, తీగకు చాలావాటిలో స్టీలు చుట్ట ఉంటుంది కాబట్టి ఎలుకలు కొరకలేవు. దీని లోపం గిన్నె నోరు తెరిచి ఉండడం. కోళ్లు అందులో కాలు పెడతాయి, రెట్టలు వేస్తాయి, అన్నిటికంటే ముఖ్యంగా గడ్డం కింద వేలాడే తమ్మెలను నీళ్లలో ముంచుతాయి.

తమ్మెల గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. మాకు ఒక తెల్ల లెగ్‌హార్న్ పుంజు ఉండేది, దాని తమ్మెలు పొడవైనవి. వేడి గిన్నెలో నీళ్లు తాగినప్పుడల్లా అవి తడిసేవి, తలెత్తగానే చలిగాలి తగిలేది. మూడు రోజుల తరువాత తమ్మెల అంచులు మొదట తెల్లబడి, ఉబ్బి, చివరకు నల్లగా ఎండి రాలిపోయాయి. నీళ్లు గడ్డకట్టకుండా చేసిన పరికరమే ఆ పుంజుకు మంచుకాటు తెచ్చిపెట్టింది. మీ ఎనిమిదింటిలో లెగ్‌హార్న్ వంటి పెద్ద జుట్టు (తలమీది ఎర్రని తురాయి), పొడవు తమ్మెల జాతి ఉంటే నోరు తెరిచిన గిన్నె వద్దు. ముక్కు మాత్రమే పట్టేంత సన్నని గాడి ఉన్న డ్రింకర్ తీసుకోండి. గిన్నె ఇప్పటికే కొనేసి ఉంటే, నీళ్లమీద తేలేలా చిల్లులు పెట్టిన చెక్క బిళ్లనొకదాన్ని వేస్తే చాలావరకు పని జరుగుతుంది. బ్రహ్మా, వ్యాండాట్ వంటి చిన్న జుట్టు జాతులకు ఈ బెడద తక్కువ. కెనడాలోని క్యుబెక్‌లో చలికోసమనే రూపొందించిన షాంటెక్లేర్ జాతికి జుట్టూ తమ్మెలూ దాదాపు లేనట్టే ఉంటాయి. ఆ జాతిని తయారుచేసినవారు సమస్య ఎక్కడుందో సరిగ్గా గుర్తించారని నాకనిపిస్తుంది.

నిపుల్ డ్రింకర్ (కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లు వదిలే చిన్న మొన ఉన్నది) సంగతి మీరు అడగలేదు గాని, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ఒక మాట. గోదావరి జిల్లాల్లో లేయర్ ఫారాలు చూసినవారికి నిపుల్ లైన్లు కొత్త కాదు. కింద వేలాడే రకం నిపుల్‌లో చివర నిలిచే నీటిబొట్టే ముందు గడ్డకడుతుంది, లోపల బకెట్‌లో హీటరు ఉన్నా ఆ బొట్టు దాకా వేడి చేరదు. బకెట్ పక్కకు అడ్డంగా అమర్చే రకం ఇంతకంటే చాలా మేలు. అడుగున చిన్న హీటరు వేసిన మూతబకెట్‌కు ఇవి బిగిస్తే నీళ్లు శుభ్రంగా ఉంటాయి, తమ్మెలు తడవవు. నేను గత నాలుగేళ్లుగా వాడేది ఇదే. కానీ గిన్నెకు అలవాటుపడిన కోళ్లు నిపుల్‌ను పొడవడం నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, గట్టి చలి మధ్యలో ఆ ప్రయోగం వద్దు. వచ్చే సెప్టెంబరులో మొదలుపెట్టండి.

ఎంత పెద్దది కొనాలి? ఎనిమిది పెట్టలు కలిసి రోజుకు రెండు లీటర్లే తాగుతాయి, ఆ లెక్కన చిన్నదే చాలు. అయితే కరెంటు పోయినప్పుడు ఎక్కువ నీళ్లు ఆలస్యంగా గడ్డకడతాయి కాబట్టి రెండు గాలన్లది, అంటే ఏడున్నర లీటర్లది తీసుకోమంటాను. అంతకు మించి పెద్దది మోయడానికి బరువు, కడగడానికి బద్ధకం.

ఇప్పుడు అసలు విషయం, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. కొత్తగా పెంచేవారిలో నూటికి తొంభైమంది డ్రింకర్‌ను కోళ్లు పడుకునే గూట్లోనే పెడతారు. గూడు కొంచెం వెచ్చగా ఉంటుంది, తీగ దగ్గర, నీళ్లు తొందరగా గడ్డకట్టవు అన్నది వారి లెక్క. కానీ చలికాలంలో కోడికి చలికంటే పెద్ద శత్రువు తేమ. ఎనిమిది కోళ్లు రాత్రంతా విడిచే ఊపిరిలోనే ఎంతో తేమ ఉంటుంది, రెట్టల్లో నాలుగింట మూడు వంతులు నీరే. దానికి తోడు సున్నాకంటే వెచ్చగా ఉన్న నీళ్ల గిన్నె ఒకటి రాత్రంతా ఆవిరి వదులుతూ ఉంటే, ఆ ఆవిరి పైకి లేచి కోళ్ల జుట్టుమీద, కప్పు లోపలి వైపు మంచుగా పేరుకుంటుంది. పొడి గాలిలో సున్నాకు పదిహేను డిగ్రీల దిగువన కూడా తట్టుకునే జుట్టు, తేమ గాలిలో సున్నాకు ఏడెనిమిది డిగ్రీల దిగువకే నల్లబడడం నేను చూశాను. ప్లాస్టిక్ డ్రింకర్ కారి పొట్టు తడిసిందని చెప్పాను కదా, ఆ వారంలో మా రెండు పెట్టల జుట్టు కొనలు పోయాయి. అంతకు ముందు నెలలో అంతకంటే గట్టి చలి పడినా వాటికేమీ కాలేదు.

పైగా రాత్రి గూట్లో నీళ్లు ఉండడంవల్ల ప్రయోజనమూ లేదు. చీకట్లో కోడికి చూపు ఆనదు, దండెమెక్కిన తరువాత తెల్లవారేదాకా అది నీళ్లకోసం దిగదు. కోళ్లు ఎక్కువగా తాగే వేళలు రెండు, పొద్దున్నే దిగగానే ఒకసారి, సాయంత్రం దండెమెక్కేముందు ఒకసారి. ఆ రెండు వేళలా నీళ్లు ద్రవంగా దొరికితే చాలు. అందుకని డ్రింకర్‌ను జాలీ దొడ్డిలో, పైన రేకో పలకో కప్పిన చోట, గాలి వచ్చే వైపు ఒక పలక అడ్డం పెట్టి, కోడి వీపు ఎత్తుకు రెండు సిమెంటు దిమ్మెలమీద నిలపండి. గాలి అడ్డం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, అరవై వాట్ల గిన్నె గాలి లేని చోట సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కూడా నిలబడితే, అదే గిన్నె గాలి కొట్టే మూలన అందులో సగం చలికే ఓడిపోతుంది. మరో పలకతో రెండో వైపు కూడా మూసి, కోళ్లకు ఒక్క వైపే తెరిచి ఉంచితే ఇంకా మంచిది.

కప్పు ఉండాలనడానికి మంచు పడకుండా అన్నది ఒక్కటే కారణం కాదు. ఊళ్లోని చెరువులూ కాలువలూ గడ్డకట్టిన రోజుల్లో మీ గిన్నె ఒక్కటే తెరిచి ఉన్న నీరు, అడవి పక్షులన్నీ అక్కడికే వస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఈ దేశపు కోళ్ల, టర్కీల ఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ బయటపడిన నాటినుంచి నేను డ్రింకర్ ఉన్న మూలకు పిచ్చుక కూడా దూరలేనంత సన్న జాలీ కొట్టించాను. మీరూ ఆ పని చేయండి.

మీ గూడు మరీ చిన్నదై, దొడ్డికి కప్పు లేక, లోపల పెట్టక తప్పకపోతే, సాయంత్రం కోళ్లు దండెమెక్కగానే డ్రింకర్‌ను బయటకు తీసేసి, పొద్దున్నే మళ్లీ పెట్టండి. గూటి పైభాగాన, దండెంకంటే ఎత్తులో, గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి. వెచ్చదనం పోతుందని వాటిని గుడ్డలతో కుక్కేవారున్నారు, వారి కోళ్లకే మంచుకాటు ఎక్కువ. ఉదయం తలుపు తీసినప్పుడు కప్పు లోపలి వైపు తెల్లని మంచు కనిపిస్తే రంధ్రాలు చాలడం లేదని అర్థం. ముక్కుకు ఘాటు తగిలితే ఇంకా ఆలస్యమైందని అర్థం.

కరెంటు గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి. ఖర్చు భయపడేంతేమీ కాదు. 125 వాట్ల పళ్లెం ఆగకుండా పనిచేసినా రోజుకు మూడు యూనిట్లు, యూనిట్ 15 సెంట్లనుకుంటే నెలకు పదమూడున్నర డాలర్లు. థర్మోస్టాట్ ఉంటే అంతకంటే తగ్గుతుంది, అరవై వాట్ల గిన్నెకు అందులో సగం కూడా కాదు. థర్మోస్టాట్ లేని హీటరుంటే, ప్లగ్‌కూ గోడకూ మధ్య పెట్టే చిన్న చలి స్విచ్ దొరుకుతుంది, అది 35 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కరెంటును కలిపి 45 దగ్గర ఆపుతుంది. కోళ్లకు ఉపయోగించే వస్తువుల్లో ఇంత చవకగా ఇంత మేలు చేసేది మరొకటి లేదు. అయితే అది చూసేది గాలి చలినే తప్ప నీళ్ల చలిని కాదు. అందుకని స్విచ్‌ను ఇంటి గోడ దగ్గర వెచ్చని మూలన కాకుండా డ్రింకర్ ఉన్న చోటి గాలి తగిలేలా, తడవకుండా ఉంచాలి.

ప్రమాదం ఖర్చులో లేదు, తీగలో ఉంది. బయట వాడే ప్రతి ప్లగ్ కరెంటు లీకైనప్పుడు దానంతటదే ఆగిపోయే జి.ఎఫ్.సి.ఐ. రకానిదే అయి ఉండాలి. మీ ఇల్లు పాతదైతే, పరీక్ష మీట నొక్కి చూడండి. పనిచేయకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించిన తరువాతే డ్రింకర్ మాట. ఎక్స్‌టెన్షన్ తీగ గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు, ఎంత లావుండాలని వాదిస్తారు. ఈ పళ్లెం తీసుకునేది ఒక్క ఆంపియరే కాబట్టి మామూలు పదహారు గేజి తీగ కూడా దానికి సరిపోతుంది. లావుకంటే ముఖ్యమైనది అది బయట వాడకానికి తయారైనదా కాదా అన్నది. తీగ పైతొడుగుమీద అచ్చయిన అక్షరాల్లో డబ్ల్యు ఉంటే అది బయటికి పనికొచ్చేది, లేకపోతే చలికి దాని తొడుగు బిరుసెక్కి పగులుతుంది. ఒక తీగకు మరో తీగను గొలుసులా తగిలించకండి, కావలసినంత పొడవున్న ఒక్కదాన్నే కొనండి.

రెండు ప్లగ్‌లు కలిసే చోటును నేలమీద వదలకండి, కరిగిన మంచులో అది మునుగుతుంది. తడి చొరబడని మూతపెట్టెలో పెట్టి, నేలనుంచి అడుగు ఎత్తున స్తంభానికి కట్టండి. తీగ పెట్టెలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదిలితే జారే నీళ్లు ఆ వంపునుంచి కారిపోతాయి తప్ప లోపలికి వెళ్లవు. కోళ్లకు అందే ఎత్తులో ఉన్న తీగనంతా గొట్టంలో దూర్చండి. కోడి దేన్నైనా పొడుస్తుంది, ఎలుక దేన్నైనా కొరుకుతుంది.

ఇంత చేసినా తడివల్ల జి.ఎఫ్.సి.ఐ. ఒక్కోసారి దానంతటదే కరెంటును ఆపేస్తుంది, అది దాని ధర్మం. సమస్య ఏమిటంటే అది ఆగినట్టు మీకు తెలియదు, ఉదయం వెళ్లి చూసేసరికి నీళ్లు రాయిలా ఉంటాయి. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. డ్రింకర్ ప్లగ్ ఉన్న పెట్టెలోనే చిన్న రాత్రి బల్బు ఒకటి తగిలించి, అది వంటింటి కిటికీలోంచి కనిపించేలా పెట్టాను. కాఫీ కలుపుతూ కిటికీలోంచి చూస్తాను, వెలుగుంటే నీళ్లున్నట్టే. నాలుగేళ్లలో మూడుసార్లు ఆ బల్బు ఆరిపోయి ఉండడం చూసి చెప్పులైనా సరిగా వేసుకోకుండా పరుగెత్తాను.

ఒకసారి పూర్తిగా గడ్డకట్టిన డ్రింకర్‌ను వేడి పళ్లెమే కరిగిస్తుందిలే అని వదిలేయకండి. ఒక లీటరు మంచును నీరుగా మార్చడానికి, వేడి ఒక్క చుక్క వృథా కాకపోయినా, 125 వాట్ల పళ్లేనికి ముప్పావు గంట పడుతుంది. ఏడు లీటర్లకు లెక్క కట్టుకోండి, పైగా బయటి చలికి సగం వేడి అటే పోతుంది. ఇంట్లోకి తెచ్చి స్నానాల గది తొట్టిలో కరగబెట్టి, మళ్లీ నింపండి. వంటింటి సింకులో మాత్రం వద్దు, కోళ్ల గిన్నెల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. స్నానాల తొట్టిని కూడా తరువాత బ్లీచుతో కడగండి. అదే జాగ్రత్త వారంవారం డ్రింకర్‌ను తోమేటప్పుడూ పాటించాలి. చలికాలంలో పాచి పట్టదనుకుంటారు గాని, వెచ్చగా ఉండే అంచుల్లో జిగురు పొర చక్కగా పెరుగుతుంది.

కరెంటు పోయిన రోజుకు రెండు నల్లటి రబ్బరు గిన్నెలు సిద్ధంగా ఉంచుకోండి. ఒకటి దొడ్డిలో ఉండగా మరొకటి ఇంట్లో కరుగుతుంటుంది. రబ్బరు వంగుతుంది కాబట్టి బోర్లించి కాలితో ఒక్క తొక్కు తొక్కితే మంచు దిమ్మె ఊడి పడుతుంది. ఉదయం, మధ్యాహ్నం, కోళ్లు పడుకునేముందు గోరువెచ్చని నీళ్లు పోస్తే సరిపోతుంది, మరిగే నీళ్లు పోయకండి, ఆ ఆవిరి నేరుగా జుట్టును తడుపుతుంది. ఉప్పునీళ్ల సీసాను గిన్నెలో తేలేస్తే నీళ్లు గడ్డకట్టవన్న ప్రచారం ఒకటుంది. సీసాలోని ఉప్పునీరు గడ్డకట్టకపోవచ్చు గాని, బయట ఉన్న మంచినీళ్లకు ఆ ఉప్పుతో సంబంధమేమిటి? సీసా కదలికవల్ల పైపొర కొంచెంసేపు ఆలస్యమవుతుందంతే. ఆ సీసా పగిలితే మాత్రం ఉప్పు కోళ్లకు విషం. బిస్కట్ డబ్బాలో నలభై వాట్ల పాతకాలపు బల్బు పెట్టి పైన డ్రింకర్ నిలిపే పద్ధతిని పాతవారు చెబుతారు. అది పనిచేసేదే, కానీ అటువంటి మామూలు బల్బులు 2023 ఆగస్టునుంచి ఇక్కడ అమ్మకంలో దాదాపు లేవు, ఎల్ఈడీ బల్బు పెడితే అందులో ఆ పాటి వేడి పుట్టదు. చేతితో బల్బు హోల్డరు బిగించిన డబ్బాను గడ్డి దగ్గర పెట్టడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు.

గుడ్ల విషయంలో మీరు ఎక్కువ ఆశ పెట్టుకోకుండా ఉండడం మంచిది. అరవై గ్రాముల గుడ్డులో సుమారు నలభై గ్రాములు నీరే. కాబట్టి రోజులో సగంసేపు నీళ్లు గడ్డకట్టి ఉంటే గుడ్లు తగ్గడం సహజం, ఒక రోజంతా నీళ్లు లేకపోతే ఆ తరువాత చాలా రోజులపాటు ఆ ప్రభావం కనిపిస్తుంది. ఆ మేరకు వేడి డ్రింకర్ పెట్టిన తరువాత కొంత కోలుకుంటాయి. కానీ డిసెంబరులో మీ దగ్గర పగలు తొమ్మిది గంటలే, పెట్ట శరీరం గుడ్డు పెట్టాలా వద్దా అన్నది పగటి పొడవును బట్టి నిర్ణయించుకుంటుంది. నిలకడగా గుడ్లు కావాలంటే దానికి పద్నాలుగు గంటల వెలుతురైనా ఉండాలి. మీవి ఈ ఏడాది పిల్లలే కాబట్టి మొదటి చలికాలంలో ఈకలు రాల్చవు, కొన్ని గుడ్లు పెడుతూనే ఉంటాయి. వచ్చే ఏడు ఈకలు రాల్చే కాలంలో పూర్తిగా ఆపేసినప్పుడు డ్రింకర్‌ను తిట్టకండి. నీళ్లు వెచ్చగా ఉన్నంత మాత్రాన గుడ్లు పెరగవు, చల్లనివైనా సరే గడ్డకట్టకుండా ఉంటే వాటికి చాలు.

సంక్రాంతి ప్రయాణం గురించి. జనవరి ఈ ప్రాంతాల్లో అన్నిటికంటే చల్లని నెల, మీ దగ్గర రాత్రులు సగటున సున్నాకు పది, పన్నెండు డిగ్రీల దిగువన ఉంటాయి, మీరు భోగిమంట దగ్గర కూర్చునే వేళకు ఇక్కడ అంతకు రెట్టింపు చలి కూడా పడవచ్చు. అందుకని కొత్త పరికరాన్ని ప్రయాణానికి ముందురోజు కాకుండా కనీసం రెండు వారాల ముందే అమర్చి, ఒక గట్టి చలి రాత్రి దానితో గడపండి. ఎక్కడ కారుతుందో, ఎప్పుడు కరెంటు ఆగుతుందో అప్పుడే తెలుస్తుంది. పక్కింటివారికి రోజుకు రెండుసార్లు రావడం కష్టమైతే ఒక్కసారే, కానీ మధ్యాహ్నం కాకుండా ఉదయం రమ్మనండి, రాత్రి ఏదైనా ఆగి ఉంటే కోళ్లు రోజంతా దాహంతో ఉండకుండా అప్పుడే సరిచేయవచ్చు. వచ్చినప్పుడు చేయవలసినవి గిన్నెలో వేలు ముంచి చూడడం, జి.ఎఫ్.సి.ఐ. ఆగితే మళ్లీ కరెంటును కలిపే మీట నొక్కడం, రెండోసారి కూడా ఆగితే ప్లగ్ పీకేసి రబ్బరు గిన్నెలకు మారడం. ఆ మీట ఎక్కడుందో మాటలతో చెప్పకండి, తీసుకెళ్లి చూపించి, వారి చేతే ఒకసారి నొక్కించండి. రబ్బరు గిన్నెలు రెండూ మీ గరాజ్‌లో తలుపు పక్కనే పెట్టి వెళ్లండి, మూడు వారాలకు వచ్చే గుడ్లన్నీ వారినే తీసుకోమనండి. దొడ్డి తలుపు గడియ మంచుకు బిగుసుకుపోతే దానిమీద వేడినీళ్లు పోయవద్దని కూడా చెప్పండి, అది మరుసటి ఉదయానికి మరింత బిగుసుకుంటుంది. గడియమీద చిన్న సుత్తితో తడితే ఊడి వస్తుంది.